మినుకు కాపున్న వాకిలి

అనగనగా ఒక ఊరు. నేల మీద ఊరు కాదర్రా, నీళ్ళ కింద ఊరు. వెచ్చటి సముద్రం, లోతు తక్కువ, అడుగున తెల్లటి ఇసక, ఇసక మీద పగడాల దిబ్బ. ఆ దిబ్బలో మినుకు అని ఒక చేప ఉండేది. ఎంతనుకున్నారు? ఇదిగో, నా చిటికెనవేలి గోరంత.

దానికి ఇల్లు లేదు. పండుగప్ప అనే పెద్ద చేప వేటకొచ్చినప్పుడల్లా చేపలన్నీ తలో కన్నంలో దూరేవి. ఇది ఎర్రపగడం కొమ్మకెళితే ఎర్రచేప పొమ్మంది, నల్లరాతి సందుకెళితే నల్లపీత పొమ్మంది, గవ్వలోకెళితే గవ్వపురుగు తలుపేసుకుంది. ఊ కొడుతున్నారా? ఆఁ, కొట్టండి.

తిరిగి తిరిగి, ఇసకలో బొరియ తవ్వుకుంటున్న ముసలి రొయ్య దగ్గరికి వచ్చింది. బంగారవ్వ అనేవారు దాన్ని. కళ్ళు ఆనవు పాపం, పనిలో మాత్రం రాక్షసి. ఎవరది అని అడిగింది. ఇల్లు లేనిదాన్నవ్వా అంది మినుకు.

"నాకు చేతులున్నాయి, చూపు లేదు. నీకు చూపుంది, ఇల్లు లేదు. వాకిట్లో కాపుండు. నా మీసం నీ తోక మీద వేసి ఉంచుతాను. పండుగప్ప వస్తే తోకాడించు, ఇద్దరం లోపలికి పోదాం," అంది అవ్వ.

ఇక చూడండి, అవ్వ తవ్వేది, మినుకు కాసేది. అవ్వ మోసేది, మినుకు కాసేది. గోరంతదానికి కాపలా ఏమిటని దిబ్బంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుంది మినుకు.

ఒకనాడు పొద్దున అలల పోటుకి వాకిలి కూలింది. అవ్వ ఆ కూలిన ఇసక ఎత్తి మోస్తూ మోస్తూ దూరం పోయింది. మీసం తోక మీంచి జారిపోయింది. సరిగ్గా అప్పుడొచ్చింది పండుగప్ప. బొరియ మినుకు పక్కనే ఉంది, దూరితే తన ప్రాణం దక్కుతుంది. అవ్వేమో ఏమీ తెలియక ఇసక ఎత్తుతోంది.

మినుకు దూరలేదు. పండుగప్ప నోటికి ఎదురే వెళ్ళింది. గుండె దడదడలాడింది, మరి ఆడదూ? వెళ్ళి అవ్వ మీసాన్ని తోకతో టపటపా కొట్టింది. అవ్వ ఇసక పారేసి తోక అందుకుంది. ముందు మినుకు, వెనక అవ్వ, వెనక నోరు. ముందు మినుకు, వెనక అవ్వ, ఇంకా దగ్గరగా నోరు. బుడుంగున బొరియలో పడ్డారిద్దరూ. పండుగప్పకి నోటినిండా ఇసకే మిగిలింది.

లోపల అవ్వ, "నువ్వు ముందే దూరిపోవచ్చుగదే," అంది.

"కాపున్నదాన్ని కదవ్వా," అంది మినుకు.

కన్నాల్లోంచి దిబ్బంతా చూసింది ఇదంతా. మర్నాటి నుంచి తల్లిచేపలు పిల్లల్ని ఆ వాకిట్లోనే ఆడుకోమని పంపేవి. కొత్తవాళ్ళెవరైనా వచ్చి ఇదెవరిల్లని అడిగితే, ఒక్కో ఇసకరేణువూ తన చేత్తో మోసిన అవ్వ, మీసం పైకెత్తి మరీ చెప్పేది: "మా మినుకుది. నేను ఇందులో ఉంటాను."

నమ్ముకున్నవాళ్ళని వదలకపోవడమే పెద్దతనం, ఒళ్ళు ఎంతుంటేనేం. సరే, కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.