ఉల్లిగడ్డ ఎక్కిన పీట

తుంగభద్ర ఒడ్డున ఎర్రిస్వామి మఠంలో మద్దిలేటి, ఉరుకుందప్ప ఒకేరోజు శిష్యులుగా చేరారు. ఆనాటి నుంచీ ఇద్దరిదీ ఒకే కంచం. ఆ పొత్తును ఒక ఉల్లిగడ్డ విడగొట్టింది.

మద్దిలేటి పేపర్లో చదివి చెప్పాడు: "మనిషి కణంలో ఉండే డీఎన్ఏ రాతకు ఉల్లిగడ్డ కణంలో ఐదింతలు ఉంటాదంట."

"అబద్ధం!" అన్నాడు ఉరుకుందప్ప. "దేవుడు మనిషిని అన్నిటికీ పైన పెట్టినాడు. ఉల్లిగడ్డకు అంత రాత రాస్తాడా?"

"ఎవరూ రాయలేదప్పా. తరతరాలుగా దానంతటదే పెరిగింది, పరిణామంలో. నీ రాత ఉల్లిగడ్డ కంటే తక్కువని కోపమా?"

మరునాడు ఉరుకుందప్ప వేరే కంచం అడిగాడు. మఠంలో ఇక మిగిలింది స్వామి కంచమే. స్వామి దాన్ని ఇచ్చేశాడు. వేడి సంగటి ముద్దను అరచేతిలో పెట్టుకుని, ఊదుకుంటూ తిన్నాడు. ఇద్దరూ చూశారు. ఇద్దరూ తగ్గలేదు.

పెద్దవాడు మొదటి ముద్ద తినేదాకా పంక్తిలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అది ఆ మఠం పద్ధతి. ఆ మధ్యాహ్నం స్వామి తన పీట మీద ఒక ఉల్లిగడ్డను కూర్చోబెట్టి, దండం పెట్టి, పోయి పంక్తి చివర కూర్చున్నాడు.

"ఇదేంది స్వామీ?" అన్నాడు ఉరుకుందప్ప.

"రాత ఎక్కువున్నాయన. నాకంటే పెద్ద. ఆయన తినకుండా మనమెట్ల తింటాం?"

అందరూ ఎదురుచూశారు. సంగటి మీద పొగలు ఆగిపోయాయి.

"పెద్దాయనకు ఆకలి లేనట్టుంది స్వామీ," అన్నాడు మద్దిలేటి.

"నువ్వే అడుగు. దేవుడు చేసినాడా, తనంతట తానే అయినాడా, అది కూడా అడుగు."

ముందు మద్దిలేటికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, కాలేదు. అది ఉరుకుందప్పకు అంటుకుంది. మద్దిలేటి లేచి, పెద్దాయన్ని తెచ్చి, బండ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. సగం ఉరుకుందప్ప కంచంలో వేశాడు.

"పెద్దాయన్నే చంపేస్తివి కదరా!" స్వామి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "ఇంతకీ ఏం చెప్పినాడు?"

ఉరుకుందప్ప తన సంగటిని మద్దిలేటి కంచంలోకి దొర్లించాడు. ఖాళీ కంచం కడిగి తెచ్చి స్వామి ముందు పెట్టాడు.

అందులో సంగటి పడింది. స్వామి మొదటి ముద్ద తుంచి, అటూ ఇటూ చూశాడు.

"నాకు ఉల్లిగడ్డ ఏదిరా?"