మంచుమడి తల్లి ప్రదక్షిణ బాట

తూర్పు కనుమల్లో చలిమెట్ట అనే కొండపల్లెకు ఎగువన మంచుమడి తల్లి సన్నిధి ఉంది. దీనికి గోపురం లేదు, పైకప్పు లేదు. నడుమెత్తు రాతిగోడ లోపల ఒక కూరమడి, ఆ మడి మధ్యలో అమ్మవారి నల్లరాయి. కార్తికం మొదలు మాఘం దాకా ఆ రాతి చుట్టూ ముల్లంగి, ఆవకూర పచ్చగా పెరుగుతూ ఉంటాయి. భక్తులు అరిగిన బాట వెంట మడి చుట్టూ తిరుగుతారు గాని లోపలి మట్టిని ముట్టరు.

పూర్వం ఇక్కడ చలికాలంలో ఎవరూ ఏమీ పండించేవారు కారు. సామలు, రాగులు ఇంటికి చేరాక నేలను మంచుకు వదిలేసేవారు. ఒక ఏడు ఆశ్వయుజంలో గాలివాన వచ్చి, కోతకు సిద్ధమైన పైరునంతా లోయలోకి ఊడ్చేసింది. ఫాల్గుణం దాకా మైదానంలో కూలి చేసుకుని బతుకుదామని పల్లె పెద్ద లింగందొర అన్నాడు. అందరూ మూటలు కట్టారు.

ఎర్నమ్మ ఒక్కతే ఆగిపోయింది. భర్త పోయి ఏడాది తిరగలేదు. అత్త గౌరమ్మకు కాళ్లు పడిపోయాయి.

"నువ్వూ ఎల్లిపోవే. నాతోపాటు నువ్వెందుకు ఎండిపోవాల?" అంది ముసలామె.

ఎర్నమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ముల్లంగి, ఆవ విత్తనాలు పట్టుకుని ఇంటి వెనక మిట్టకు వెళ్లింది. అక్కడ పాతుకుపోయిన నల్లరాయి ఎంత పెకలించినా కదల్లేదు. దాని చుట్టూనే మడి కట్టి విత్తనాలు చల్లింది.

అప్పటినుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు, మనసు అసలే నిలవలేదు. పొద్దున్నే మట్టి తొలిచి విత్తనం పగిలిందో లేదో చూసేది. కాసేపటికి మళ్లీ వచ్చి చూసేది. మొలక కనబడితే కప్పిపెట్టేది, అంతలోనే అది బతికి ఉందో లేదోనని మళ్లీ తవ్వేది. ఇంట్లో మిగిలిన సామలు గంజి కాచి అత్తకు పోసి, తాను అడవి దుంపలతో సరిపెట్టుకునేది. ఆగని ఆ చేతుల కింద సగం మొలకలు వాడిపోయాయి.

ఒక తెల్లవారుజామున కలలో జుట్టంతా మంచు పట్టిన ఒక పొడవాటి స్త్రీ కనబడింది. "నీ మడిలో ఉన్నది నేనే. మాటిమాటికీ తవ్వితే వేరు దేన్ని పట్టుకుని నిలబడుతుంది? ఉండలేకపోతే నా చుట్టూ తిరుగు. మట్టిలో మాత్రం చెయ్యి పెట్టకు" అంది.

ఎర్నమ్మ చేతులు కొంగులో చుట్టుకుని తిరగసాగింది. అత్తకు గంజి పోసి వచ్చి తిరిగేది, కట్టెలు దించి తిరిగేది. మడి చుట్టూ గడ్డి చచ్చి బాట పడింది. మిగిలిన మొలకలు ఆకులు తొడిగాయి.

పుష్యంలో ఒక ఉదయం చూస్తే ఆకులన్నీ మంచుకు బిగుసుకుని, ఉడికిన కూరలా నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఇంట్లో గంజికి గింజ లేదు. పీకి, దక్కినంత వండుదామని వంగింది. వేళ్లు ఆకుకు తగలబోతుండగా కలలో మాట గుర్తొచ్చింది. చేతులు వెనక్కి తీసుకుని ఏడుస్తూనే మడి చుట్టూ నడిచింది. ఎండ మిట్ట మీదికి పాకింది. మంచు కరిగిన కొద్దీ ఆకులు ఒక్కొక్కటే తలెత్తాయి.

ఆ పూట మట్టి ముట్టకుండా పై ఆకులు కోసి వండిన కూర తిన్న గౌరమ్మ, "ఇంత తియ్యగుందేటి?" అని అడిగింది. చలి తగిలితే ఈ కూరలకు తీపి వస్తుందని ఆ కొండకు తెలిసింది అప్పుడే.

ఫాల్గుణంలో పల్లె తిరిగివచ్చేసరికి అత్తాకోడళ్లిద్దరూ బతికే ఉన్నారు. సంగతి విన్న లింగందొర రాతికి పసుపు రాసి పందిరి వేయించాడు. మర్నాటికి అది గాలికి లేచిపోయింది. మళ్లీ వేయిస్తే మళ్లీ పోయింది. చివరికి అమ్మ అతని కలలోకి వచ్చి, "నా బిడ్డలు చలిలో నిలబడితే నేను కప్పు కింద కూర్చునేదాన్నా?" అని అడిగిందట. ఆ తర్వాత ఎవరూ ఆ ప్రయత్నం చేయలేదు.

నేటికీ తొలికోత కూరను కొండ ఎక్కలేని ముసలివారి ఇళ్లకు పంపాకే భక్తులకు ప్రసాదం పెడతారు. బిడ్డ జబ్బు గురించో, చేతికి రాని పంట గురించో మనసు కొట్టుమిట్టాడేవారు చేతులు బట్టలో చుట్టుకుని ఈ బాట వెంట తిరుగుతారు. కోరిక ఎప్పుడు ఈడేరుతుందని అడిగితే పూజారి రోజు చెప్పడు. ఇంకొక చుట్టు తిరిగి రమ్మంటాడు.