పనసచెట్టు కింద దుప్పటి

అనగనగా కొండ వాలున ఒక ఊళ్ళో నూకాలని ఒకావిడ ఉండేది. దుప్పటి కాళ్ళ దాకా లాక్కో, చెబుతాను. ఊడవడంలో నూకాలుని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. తెల్లారకముందే చీపురు పట్టిందంటే పెరడంతా అద్దంలా ఉండాల్సిందే. ఒక్క ఆకు కనిపించినా ఆవిడకి గంజి సయించేది కాదు.

ఆ పెరట్లో ఒక పనసచెట్టు. దాని కొమ్మకే ఉయ్యాల కట్టి నూకాలు తన ముగ్గురు పిల్లల్నీ జోకొట్టింది. అందుకని ఆ చెట్టంటే ఆవిడకి ప్రాణం.

ఒక వానాకాలం ఆ చెట్టు కింద బురదలో మొగుడు అప్పన్న జారిపడ్డాడు. నడుం పట్టేసింది. మరి కోపం రాదూ?

"ఈ సెట్టు నీడకి మొక్కా నేదు, నేలా ఆరదు. మళ్ళీ వానల్లోగా కొట్టించేత్తాను," అన్నాడు.

కింద నేలని కప్పేలా ఏదైనా మొలిస్తే బురదా ఉండదు, చెట్టూ నిలుస్తుందనుకుంది నూకాలు. అప్పుడు బంతి నారు తెచ్చి వేసింది. అది ఎండ కోసం మెడ సాచి సాచి పడిపోయింది. ఆ తర్వాత గరిక నాటింది. అది పాలిపోయి ఊరుకుంది. ఆ తర్వాత కొండ మీదుండే పిన్ని పైడమ్మ దగ్గరికి వెళ్ళింది. అక్కడ పెద్ద పెద్ద చెట్ల కింద, ఎండ పొడ తగలని చోటే, అడవి పసుపు వెడల్పాటి ఆకులతో నేలంతా కప్పేసి ఉంది. పిన్ని కొన్ని దుంపలు తవ్వి ఒళ్ళో పోసింది.

అవి పెరట్లో నాటితే చక్కగా లేచాయి. బురద తగ్గింది. నూకాలు సంబరం ఇంతా అంతా కాదు. కానీ చలికాలం వచ్చేసరికి ఆకులన్నీ పండి నేలకి వాలిపోయాయి. వేసవి రాగానే చెట్లు కొట్టేవాణ్ణి పిలుస్తానన్నాడు అప్పన్న. నూకాలు ఏడుస్తూనే చీపురూ గునపమూ అందుకుంది. అంతా ఊడ్చేసి, ఆ దుంపలు పెకలించి పారేద్దామని.

సరిగ్గా అప్పుడే చూడ్డానికి వచ్చిన పిన్ని ఆ చీపురు లాక్కుంది.

"ఓలమ్మీ, అయి సావనేదే, తొంగున్నాయి. అడవిని ఎవులైనా తుడుత్తారేటి? సెట్టు రాల్సిన ఆకుల్ని అలాగే ఉండనియ్యి."

ఊడవకుండా ఉండడం నూకాలుకి ఎంత కష్టమో! పెరటి నిండా పనసాకులు. పక్కింటావిడ ముక్కు మీద వేలేసుకుంది. చెయ్యి దురద పెట్టినప్పుడల్లా నూకాలు వాకిలే ఇంకోసారి ఊడ్చుకునేది. పెరటి వైపు చూసేదే కాదు.

ఆ తర్వాత వేసవి వచ్చింది. ఒక మంచి జల్లు పడింది. అప్పుడు చెట్లు కొట్టే అతన్ని వెంటబెట్టుకుని అప్పన్న పెరట్లోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎండుటాకుల్ని తోసుకుని, ఇంకా ఒక్క ఆకైనా వేయకుండానే, అడవి పసుపు గులాబీరంగు పూలగుత్తులు చెట్టు చుట్టూ లేచి ఉన్నాయి.

అప్పన్న చెప్పులు విడిచి, పూల మధ్య మెల్లిగా పాదం మోపాడు. నేల మెత్తగా ఉంది. కాలు జారలేదు. తలెత్తి కొమ్మకేసి చూశాడు. ఉయ్యాల తాడు ఒరిసిన గుర్తు ఇంకా ఉంది.

"ఏటే, ఆయనకి సల్లిచ్చి పంపీ," అన్నాడు.

నూకాలు చల్ల ముంతతో పరుగెత్తుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళే.

ఇప్పటికీ ఆవిడ వాకిలి అద్దమే. పెరడు ఊడవలేదేమని ఎవరైనా అడిగితే మాత్రం, "పడుకున్నోళ్ళ మీద దుప్పటి లాగేత్తామేటి?" అంటుంది.

కథ కంచి గుమ్మం తట్టింది,
దుంప ఆకుల దుప్పటి చుట్టింది,
మా బుజ్జితల్లికి కునుకు పట్టింది.