శలాక వెళ్లిన దారి

ఆ ఉదయం పురందరుడి కాళ్లు నేల మీద నిలవడం లేదు. శస్త్రవైద్యం నేర్చుకుంటున్న అతన్ని, గురువు వామనాచార్యులు ఇవాళే మొదటిసారి రోగి ఒంటి మీద చెయ్యి వెయ్యనిస్తానన్నారు.

రోగి పల్లకీ మోసే సింగన్న. ముల్లు విరిగి పాదంలోనే ఉండిపోయింది. పైకి పుండు చిన్నదే కాని, చీము ఆగడం లేదు. పాదం పోతే అతని బతుకే పోతుంది.

"ముందు ఏం చెయ్యాలి?" అడిగారు ఆచార్యులు.

"ఏషణం, గురువుగారూ!" పురందరుడు టక్కున అందుకున్నాడు. "కొయ్యకముందు పుండులోకి సన్నని లోహపు పుల్ల, అదే శలాక, పోనిచ్చి, లోపలి దారి ఎటు తిరిగిందో, ఎంత లోతుందో వెతకడం."

అంతటితో ఆగాడా? శలాకలెన్ని రకాలో, ఏది ఎప్పుడు వాడాలో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. చెప్పడంలో మనవాడికి తిరుగులేదు.

ఆచార్యులు పొయ్యి పక్కనుంచి పుచ్చిన ఎండు మునగకొమ్మ ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టారు. "ముందు ఇందులో పురుగు ఎక్కడుందో వెతుకు."

ఇంత ఉత్సాహంగా వస్తే చేతికి కట్టెపుల్లా! పురందరుడు సన్నని రాగి శలాకను రంధ్రంలో పెట్టాడు. కాస్త పోయి ఆగింది. ఇంకాస్త నొక్కాడు. సర్రున దిగింది.

"దొరికింది గురువుగారూ! తిన్నగా ఇంత లోతు!" ఎగిరి గంతేసినంత పని చేశాడు.

ఆచార్యులు శలాకను అలాగే ఉంచి కొమ్మను చీల్చారు. పురుగు దారి మొదట్లోనే పక్కకు తిరిగి, బెరడు కిందుగా పోయింది. దాని చివర తెల్లటి పురుగు ముడుచుకుని పడుకుని ఉంది. శలాక మాత్రం మెత్తటి కొయ్యలో తిన్నగా దిగబడి ఉంది.

"ఇది పురుగు తొలిచింది. అది నువ్వు తొలిచింది," అన్నారు ఆచార్యులు.

పురందరుడి చూపు సింగన్న పాదం మీద పడింది. 

శలాకను శుభ్రంగా కడిగి, నెయ్యి రాసి, ఈసారి రెండు వేళ్లతో వదులుగా పట్టుకున్నాడు. పుండులోకి కాస్త పోయి ఆగింది. అతనూ ఆగాడు. ఊపిరి బిగబట్టి, కొనను అటూ ఇటూ మెల్లగా ఒరిగించి చూశాడు. మడమ వైపు ఒరిగించగానే శలాక సునాయాసంగా లోపలికి జారింది. చివర ఏదో గట్టిగా తగిలింది.

"ఆడేనయ్యా!" సింగన్న కేక పెట్టాడు. "సలుపంతా ఆడే!"

పురందరుడి ఒళ్లు పులకరించింది. అరవాలన్నంత సంతోషం గొంతుదాకా వచ్చింది.

"ఏషణమంటే ఏమిటి, నాయనా?" అడిగారు ఆచార్యులు.

పురందరుడు శలాకను ఎడమచేత్తో కదలకుండా పట్టుకుని, కుడిచెయ్యి చాచాడు.

ఆచార్యులు ఆ చేతిలో కత్తి పెట్టారు.