అచ్చాయమ్మ ఊఁ కొట్టిన కథ

పేరయ్య గారు కథ చెప్పాలంటే ఎదురుగా ఊఁ కొట్టే మనిషి ఉండి తీరాలి. ఒక మాట చెప్పి ఆగుతారు. ఎదుటివాడు 'ఊఁ' అన్నాకే రెండో మాట. ఆ ఊఁ ఆలస్యమైతే కథ అక్కడే నిలబడిపోతుంది. తొందరపడి ముందే పడిందా, ఆయన కళ్ళు ఎర్రబడతాయి. అందుకే ఆయన దగ్గర చేరినవాడికి మొదట కథ నేర్పరు, ఊఁ కొట్టడం నేర్పుతారు. అది పట్టుబడేలోపే చాలామంది పారిపోయారు. నిలిచినవాళ్ళు ఇద్దరు. ఒకడు సింహాద్రి. రెండోవాడి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆ రెండోవాడు నూకరాజు. టీవీ ఛానెల్ వాళ్ళు పిలిస్తే హైదరాబాదు వెళ్ళిపోయి, రోజూ పొద్దువాలే వేళ కథలు చెబుతున్నాడు. బాగా చెబుతున్నాడని ఊరంతా అంటుంది. పేరయ్య గారు మాత్రం ఒక్కనాడూ వినలేదు. గోడ అవతల ఆ గొంతు వినబడితే చాలు, లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళిపోతారు. ఒకసారి విరిగిన మనసును అతికించుకునే అలవాటు ఆయనకి లేదు.

ఇప్పుడు అదే ఛానెల్ నుంచి సింహాద్రికీ పిలుపు వచ్చింది. వస్తావో రావో తేల్చి చెప్పమన్నారు. వెళితే తన పేరు కూడా ఆ ఇంట్లో వినబడదని అతనికి తెలుసు. వెళ్ళకపోతే కథ చెప్పడానికి చోటే ఉండదనీ తెలుసు. అన్నం సయించక, నిద్ర పట్టక, చివరికి గురువుగారు వాకిట్లో కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ అడిగేశాడు.

"గురువుగారండీ, ఎదురుగా మనిషి లేకుండా చెప్పిన కథ కథవుతుందాండీ?"

ఎందుకు అడుగుతున్నాడో పేరయ్య గారికి తెలియకపోలేదు. చెంబు కింద పెట్టారు.

"చెప్పులేసుకో. లంకకి పోదాం."

గోదావరి మధ్యలో అరటితోటల లంక అది. కేబుల్ వైరు ఏరు దాటలేకపోయింది కాబట్టి చాలాకాలం అక్కడివాళ్ళకి కథే దిక్కు. ఏటా పడవ పంపి మరీ పేరయ్య గారిని తీసుకెళ్ళేవారు. తరవాత ఆకాశంలోంచి నేరుగా బొమ్మలు దింపే డిష్‌లు వచ్చాయి. మొదట సర్పంచి గారి డాబా మీద ఒకటి, ఆ వెనక పాకల మీద కూడా. ఆ ఏడు పడవ రాలేదు. రాదని కబురైనా పంపలేదు. లంకవాళ్ళ మర్యాద అదీ. ఇక ఆ ఊళ్ళో మంచినీళ్ళు కూడా ముట్టనని పేరయ్య గారు ఒట్టు పెట్టుకున్నారు.

"దేనికండీ అక్కడికి?"

"ఆ పెట్టెల ముందు కూర్చున్న మొహాల్లో ఒక్కటైనా ఊఁ అంటుందేమో నీ కళ్ళతో చూద్దువు గాని. ఆపైన నీ ఇష్టం."

మబ్బు పట్టి ఉంది. ఏరెక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. పడవ నీళ్ళ మీద పోతోందో మబ్బు మీద పోతోందో అన్నట్టుంది. తెడ్డు చప్పుడు కూడా ఎక్కడో దూరంగా, మరెవరి పడవదో అన్నట్టు వినబడింది. లంక దగ్గరపడేసరికి అరటాకుల పైన డిష్‌లు తేలి కనిపించాయి. ప్రతి కప్పు మీదా ఒకటి, అన్నీ ఒకే వైపు మొహాలెత్తి, ఊరంతా కలిసి ఒకే కల కంటున్నట్టు.

పేరయ్య గారు తిన్నగా అచ్చాయమ్మ ఇంటికి దారి తీశారు. ఆ లంకలో ఊఁ కొట్టడంలో ఆమెని మించినవాళ్ళు లేరని ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్న మనిషి ఆమె. ఇప్పుడు కళ్ళకి శుక్లాలు కమ్మాయి. గోడకి ఆనుకుని, టీవీ వైపు చెవి పెట్టి కూర్చుని ఉంది. కోడలు వరాలు కుర్చీ వేసి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"నీళ్ళొద్దమ్మా."

"ఇంకా ఆ ఒట్టేనాండీ? మా మావయ్యగారు పోయారు, పాత రేవు ఏట్లో కొట్టుకుపోయింది, మీ కోపం మాత్రం చెక్కుచెదర్లేదు."

"ఎవరొచ్చారే?" అంది అచ్చాయమ్మ.

"కథల పేరయ్య గారండీ అత్తయ్యా!"

"అలాగా! కూర్చోమను. కథ మొదలైపోతోంది."

ఆ మాటకి పేరయ్య గారి మీసం కదిలింది. లేచి పోతారేమోనని సింహాద్రి భయపడ్డాడు. అంతలోనే పెట్టెలోంచి నూకరాజు గొంతు వచ్చింది. నిద్రను పోగొట్టుకుని, దాన్ని వెతుక్కుంటూ బయలుదేరిన రాజు కథ. పేరయ్య గారి దగ్గర నేర్చుకున్నదే.

"అనగనగా ఒక రాజుకి నిద్ర పారిపోయింది."

"ఊఁ" అంది అచ్చాయమ్మ.

"పోతూ పోతూ రాజు కలల్ని కూడా మూట కట్టుకుపోయింది."

"ఊఁ."

రాజు కోట దాటాడు, ఊఁ. ఊరు దాటాడు, ఊఁ. అడవి దాటాడు అన్నచోట ఆమెకి దగ్గు వచ్చింది. ఊఁ పూర్తిగా రాకముందే గొంతు ముందుకు వెళ్ళిపోయింది. "ఇవాళేదో తొందరలో ఉన్నాడు" అని తనలో తాను గొణుక్కుంది.

ఇంతలో సబ్బుల ప్రకటన వచ్చింది. సింహాద్రికి నవ్వాగలేదు.

"మామ్మా, అతనెక్కడో హైదరాబాదులో ఉన్నాడు. నీ ఊఁ అతనికి వినబడదు."

అచ్చాయమ్మ మసక కళ్ళు అతని వైపు తిప్పింది.

"వినబడకపోతే నేననేదాకా ఎందుకాగుతున్నాడ్రా, వెర్రినాయనా?"

సింహాద్రి నవ్వు సగంలో నిలిచిపోయింది. కథ మళ్ళీ మొదలైంది. ఈసారి అతను మాటలు వినలేదు, మాటల మధ్య ఖాళీ విన్నాడు. అది అతనికి తెలిసిన ఖాళీయే. ఇన్నాళ్ళూ గురువుగారి ఎదుట కూర్చుని తాను ఊఁ అన్నది సరిగ్గా అంత చోటులోనే. గురువుగారి వంక చూడబోయి, ధైర్యం చాలక మానేశాడు.

"ఏటి ఒడ్డున ఒక పడవ ఉంది. పడవలో సరంగు లేడు" అంది పెట్టెలో గొంతు.

"ఊఁ."

బయట వాన ఒక్కసారిగా దిగింది. బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరింది. సిగ్నల్ లేదని అక్షరాలు పడ్డాయి. గొంతు ఆగిపోయింది. ఆ అక్షరాలు ఆమెకి కనబడవు. ఇంట్లో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఊఁ" అంది అచ్చాయమ్మ మళ్ళీ.

పెట్టె వైపు ఇంకాస్త వంగింది.

"ఊఁ" అంది, ఈసారి బతిమాలుతున్నట్టు.

"రాజు చెప్పులు ఒడ్డున విడిచాడు" అన్నారు పేరయ్య గారు.

అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డారు. ఆమె తల కూడా తిప్పలేదు.

"ఊఁ."

"వట్టి కాలు పడవలో పెట్టాడు."

"ఊఁ."

"ఏరు రాజుని చూసి..." అంటుండగా వాన పలచబడింది. పెట్టె వెలిగింది. "...ఏరు రాజుని చూసి, మెల్లగా పక్కకి జరిగింది" అంటున్నాడు నూకరాజు. రెండు గొంతులూ ఒక్కచోట కలిసి, ఒకటే మిగిలింది. ఆ మిగిలింది ఎవరిదో సింహాద్రి పోల్చుకోలేకపోయాడు.

అచ్చాయమ్మ ఊఁ అంది. ఆమెకి కథ ఎక్కడా తెగలేదు.

రాజు అవతలి ఒడ్డున ఇసకలో నిద్రపోయేదాకా పేరయ్య గారు కదల్లేదు. అయ్యాక గొంతు సవరించుకున్నారు.

"వరాలూ, ఆ నీళ్ళు ఇలా ఇయ్యమ్మా."

తిరుగు పడవ ఎక్కారు. వెనక లంక మబ్బులో కరిగిపోతోంది. డిష్‌లు మాత్రం వాననీళ్ళతో తళతళలాడుతూ కాసేపు కనిపించి, అవీ పోయాయి. రేవు దగ్గరపడుతుంటే సింహాద్రి ఇక ఉండబట్టలేక అన్నాడు.

"గురువుగారండీ... వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

పేరయ్య గారు నీళ్ళకేసి చూస్తూ చాలాసేపు ఆగారు. ఆ ఆగడంలో సింహాద్రి, అలవాటు కొద్దీ, "ఊఁ" అన్నాడు.

"నువ్వెళ్ళాక నూకరాజుతో చెప్పు. రాజు అడవి దాటేచోట ఇంకాస్త ఆగమను. అచ్చాయమ్మకి ఇదివరకటంత ఊపిరి లేదు."