పైస్థాయికి వెళ్లని రాగం

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు మాణిక్యాంబ గారికి లేదు. వయొలిన్ పాఠం మధ్యలో శిష్యులు ఏ సందేహం అడిగినా, "చూద్దాంలే" అని మళ్లీ కమాను అందుకునేవారు. ఆ చూడటం ఒక్కోసారి మర్నాడే జరిగేది, ఒక్కోసారి ఏడాది పట్టేది.

ఆమె దగ్గర చిన్నప్పటినుంచీ నేర్చుకుని, ఇప్పుడు కచేరీలకు పక్కవాద్యం వాయిస్తున్న హైమవతి, శ్రీరామనవమి రోజుల్లో ఒక మధ్యాహ్నం అలాంటి ప్రశ్నే వేసింది. నవమి పందిళ్లు వేశారంటే సంగీతం వాళ్లకు ఊపిరి సలపదు. నిన్న బాపట్ల, ఇవాళ తెనాలి, రేపు చీరాల. బస్సులోనే కునుకు, దొరికినచోట భోజనం. ఎండకు తీగలు కూడా మాట వినవు.

"అమ్మగారూ, పాట వాళ్లది, పేరు వాళ్లది. మెడలో పెద్ద దండ పడేదీ వాళ్లకే. ఇంత తిరుగుడులో పక్కన కూర్చున్నవాళ్లకు సంతోషం ఎక్కడుంటుందండీ?"

"చూద్దాంలే," అన్నారు మాణిక్యాంబ గారు. కమాను అందుకుంటూ, "రేపు చీరాలలో పట్టాభిరామయ్య గారి పక్కన నా బదులు నువ్వు కూర్చో. నేను కింద కూర్చుని వింటాను," అన్నారు.

హైమవతి అలసట ఎటు పోయిందో తెలియదు. పట్టాభిరామయ్య గారు పెద్ద గాయకులు. అంతకంటే ముఖ్యం, చీరాల పందిరి నడిపే పొగాకు వర్తకుడు రత్తయ్య గారు వచ్చే నవమికి ఆమె చేత సోలో కచేరీ చేయించాలనుకుంటున్నారు. ముందు ఒకసారి స్వయంగా వినాలన్నారు కూడా. పట్టాభిరామయ్య గారు ఆ రోజుల్లో ఖరహరప్రియ విస్తారంగా పాడుతున్నారని తెలిసి, ఆమె తీరిక దొరికినంతసేపూ ఆ రాగమే సాధన చేసింది. పైస్థాయిలో ఆమె వేళ్లకు ఒక ప్రత్యేకమైన తేట ఉంది. గాయకుడి ఆలాపన తరవాత వయొలిన్ ఒక్కటే వాయించే తన వంతు వచ్చినప్పుడు అక్కడే నిలిచి పందిరిని నింపాలని నిశ్చయించుకుంది.

మర్నాడు వేదిక ఎక్కేముందు పట్టాభిరామయ్య గారు మిరియాల కషాయం తాగుతూ కనిపించారు.

"అమ్మాయ్, విరామం లేకుండా పాడి గొంతు నలిగిపోయింది. శ్రుతి కాస్త తగ్గించాను. పైన ఎంతవరకు పలుకుతుందో నాకే తెలియదు," అన్నారు.

మొదటి కీర్తనలు ఇబ్బంది లేకుండా సాగాయి. ఖరహరప్రియ ఆలాపన మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా పైకి వెళ్లి, ఆయన పై షడ్జం మీద నిలిచారు. స్వరం పలికింది కాని అందులో సగం గాలే. గాయకుడు నిలిచిన స్వరాన్ని వయొలిన్ పట్టుకోవడం మామూలే. హైమవతి మామూలుగా పట్టుకోలేదు. ఆయన గొంతులో ఎంత లోటు ఉందో అంతే బరువు కమాను మీద వేసింది. ఒక్క పిసరు ఎక్కువ వేసినా రెండుగా వినిపించేది. జనానికి ఒకే గొంతు వినిపించింది. వెనక వరుసల్లోంచి ఎవరో "ఆహా!" అన్నారు.

పట్టాభిరామయ్య గారు ఒక్కసారి ఆమె వైపు చూశారు. తరవాత, ఆమె ఉందన్న ధైర్యంతో, ఇంకా పైకి గాంధారం దాకా వెళ్లారు. అక్కడ ఆయన పెదవులు మాత్రమే కదిలాయి. ఆ గాంధారాన్ని ఎవరు పలికారో వాళ్లిద్దరికే తెలుసు.

ఆలాపన ముగిసి ఆమె వంతు వచ్చింది. ముందు వరుసలో రత్తయ్య గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని సర్దుకు కూర్చున్నారు. హైమవతి వేళ్లు సాధన చేసిన దారినే పైకి జారబోయాయి. జారబోయి ఆగాయి. ఇప్పుడు తాను అక్కడ పందిరి నింపితే, ఇంతసేపూ లోపించినదేమిటో వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆయన ఇంకా కీర్తన పాడాలి. ఆమె కిందికి దిగింది. మధ్యస్థాయిలోనూ మంద్రంలోనూ నింపాదిగా తిరిగి, క్లుప్తంగా ముగించింది.

ఆ తరవాత పట్టాభిరామయ్య గారు కీర్తన అందుకుంటే పందిరి పందిరంతా తల ఊపింది. కచేరీ అయ్యాక పెద్ద దండ ఆయన మెడలోనే పడింది.

రత్తయ్య గారు మాణిక్యాంబ గారి దగ్గరికి వచ్చి మర్యాదగానే చెప్పారు. "అమ్మాయి చేతిలో మాధుర్యం ఉందండీ. పైస్థాయిలోనే ఇంకా పట్టు చిక్కలేదు. సోలో మాట ఈసారికి వద్దులెండి."

పక్కనే ఉన్న పట్టాభిరామయ్య గారు నోరు తెరవబోయారు. హైమవతి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, "అలాగేనండీ, ఇంకా సాధన చేస్తాను," అంది రత్తయ్య గారితో.

ఆయన అటు వెళ్లగానే పట్టాభిరామయ్య గారు బొంగురు గొంతుతో అడిగారు. "నా గాంధారం ఎలా ఉందమ్మా?"

"దివ్యంగా ఉందండీ!"

ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది. ఆయన దండ జారిపోయేలా నవ్వారు. ఆమె కళ్లనీళ్లు తుడుచుకుంది. పందిరి కింద మిగిలినవాళ్లు సంగతి తెలియక చూస్తూ నిలబడ్డారు.

రిక్షాలో స్టేషనుకు వెళ్తున్నంతసేపూ హైమవతి ముఖంలో ఆ నవ్వు చెరగలేదు. ఉండబట్టలేక, "అమ్మగారూ, ఎల్లుండి ఒంగోలులో కూడా ఆయన పక్కన నన్నే కూర్చోబెట్టండి," అంది.

"అలాగే కూర్చో," అన్నారు మాణిక్యాంబ గారు. "కాని ఎల్లుండికి ఆయన గొంతు బాగయిపోతుందే మరి!"