గడప దాటిన రోజే పరీక్ష

అనగనగా, ఏరులకు జనం ఇంకా పేర్లు పెట్టుకుంటున్న రోజుల్లో, తారాపురం అనే రాజ్యం ఉండేది. దాన్ని జయంతవర్మ అనే రాజు ఏలేవాడు. రాజు మంచివాడే. కాని ఆయన మనసులో ఒక దిగులు ఉండేది.

ఆయన పెద్దకొడుక్కి పుట్టుకతోనే చెవులు వినపడవు. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. గారాబం ఎక్కువై పిలిస్తే పలకడం లేదని దాదులు అనుకున్నారు. తెలిసేసరికి పిల్లవాడు పెద్దవాడయ్యాడు.

అందుకే ఊళ్లో పసిపిల్లలకు శిశుశాల కట్టించినప్పుడు రాజు ఇలా ఆజ్ఞాపించాడు. "శాల గడప దాటిన రోజే ప్రతి బిడ్డనూ పరీక్షించాలి. వెనకబడ్డ బిడ్డలను ఏటి అవతలి శాలలో ఉంచి, వేరుగా నేర్పించాలి. నా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదు."

శిశుశాలను చూసుకునే ఆమె పేరు కుముద్వతి. పిల్లలు ఆమెను పెద్దమ్మా అని పిలిచేవారు. ఆమె ఆ ఆజ్ఞను రెండుసార్లు చదివించుకుని వింది. రాజు భయం న్యాయమైనదే. అయినా ఏదో సరిగా లేదనిపించింది. అదేమిటో నోటికి రాలేదు.

మొదటి రోజు మంత్రి ధీరకేతుడు పెద్ద తలపాగా చుట్టుకుని పరీక్షకు వచ్చాడు. తల్లులు అలా వెనక్కి తిరిగారో లేదో, శాలంతా ఏడుపులే. మంత్రి రంగుబట్టలు పరిచి, తను చెప్పిన రంగు తీయమన్నాడు. వేళ్లు చూపించి అన్ని గింజలు పెట్టమన్నాడు. సగంమంది చెయ్యి చాపలేదు.

కొండ మీద నుంచి వచ్చి తేనె అమ్ముకునే గంగి కొడుకు సారంగుడు గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. ఏమడిగినా నేల చూపులే. నేతగాడి కూతురు వకుళ మాత్రం మెరిసే కళ్లతో మంత్రి ముఖమే చూస్తూ, అన్నీ టకటకా చేసేసింది.

"ఈ పిల్ల అందరికంటే ముందుంది. ఆ పిల్లవాడు వెనకబడ్డాడు. ఏరు దాటించాల్సిందే" అన్నాడు మంత్రి.

సాయంత్రం గంగి వచ్చి కుముద్వతి కాళ్ల దగ్గర కూర్చుంది. "అమ్మగారూ, వాడు ఇంటికాడ గలగలా మాట్లాడతాడు. నన్ను వదిలి ఎన్నడూ ఉండలేదు. ఏరు దాటిస్తే బెంగతో మంచాన పడతాడమ్మా."

కుముద్వతి రాజు దగ్గరికి పరుగెత్తింది. "ప్రభూ, పిల్లలు బెదిరిపోయి ఉన్నారు. కొద్దిరోజులు ఆగండి."

"ఆగి ఆగే నేను నష్టపోయానమ్మా" అన్నాడు రాజు. అయినా రాజు మనసు కొంచెం కరిగింది. "వారం చూద్దాం" అన్నాడు.

వారం గడిచింది. ఈలోగా సారంగుడు తనలో తాను ఏదో కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. కుముద్వతికి కాస్త ధైర్యం వచ్చింది. అంతలో వాకిట్లో తలపాగా కనబడింది. పిల్లలు చాపల కింద దూరారు. రంగులన్నీ తెలిసిన ఇంకో పిల్ల కూడా ఏ రంగు అడిగినా ఎర్రబట్టే తీసింది. సారంగుడి పాట గొంతులోనే ఆగిపోయింది. వకుళ ఈసారీ ముందు నిలిచింది.

ఆ రోజు నుంచి కొందరు పిల్లలకు పొద్దున్నే కడుపునొప్పి రాసాగింది. శాల పేరెత్తితే అమ్మ కొంగు పట్టుకుని వేలాడేవారు.

కుముద్వతి మళ్లీ రాజు ముందు నిలబడింది. "ప్రభూ, మేము కొలుస్తున్నది పిల్లల తెలివిని కాదు, వాళ్ల భయాన్ని. వానలు వెలిసేదాకా పరీక్ష వద్దు. అలాగని ఊరికే కూర్చోం. వాళ్ల ఆట, మాట, తిండి, నిద్ర రోజూ కనిపెట్టి చూస్తాం. మంత్రిగారు కూడా తలపాగా లేకుండా వచ్చి పిల్లల మధ్య కూర్చోవాలి."

"నీ ఆలస్యం వల్ల ఏ బిడ్డకైనా నష్టం జరిగితే?"

"ఆ భయం నాకూ ఉంది ప్రభూ. అందుకే కన్ను మూయకుండా చూస్తాను."

రాజు ఒప్పుకున్నాడు. కుముద్వతికి మాత్రం దిగులు పట్టుకుంది. అడిగిందైతే అడిగింది, ఏదైనా తన కంట పడకుండా జారిపోతే? ఏ బిడ్డ తడబడినా లేచి దగ్గరికి వెళ్లి చూసేది.

ముసురు పట్టిన ఒక రోజు, కొత్తగా చేరిన పసివాడొకడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. సారంగుడు వాడి పక్కన చేరి, చింతగింజలు పెద్దవీ చిన్నవీ వేరుచేసి వరుసగా పేర్చాడు. ఒక్కొక్కదాన్నీ కొండయాసలో లెక్కపెడుతూ పాట కట్టాడు. పసివాడు ఏడుపు మాని నవ్వాడు.

"వీడికి రానిది లెక్క కాదు, మన యాస" అన్నాడు, తలపాగా లేకుండా పిల్లల మధ్య కూర్చున్న ధీరకేతుడు.

సరిగ్గా అప్పుడే వంటింటి వైపు ఇత్తడి బిందె జారిపడి ఖంగున మోగింది. పిల్లలందరూ ఉలిక్కిపడి అటు తిరిగారు. ఒక్క వకుళ తిరగలేదు. వీపు అటు పెట్టి, తలవంచుకుని పూలు గుచ్చుతూనే ఉంది.

కుముద్వతి లేచి పిల్ల వెనక్కి వెళ్లింది. వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది. పలకలేదు. చప్పట్లు కొట్టింది. కదల్లేదు. ముందుకు వచ్చి నిలబడగానే పిల్ల తలెత్తి, పెదవుల వంక చూసి నవ్వింది.

"దీనికి వినపడదు" అంది కుముద్వతి. "తమరి పెదవులు, వేళ్లు చూసి అన్నీ చేసింది."

ధీరకేతుడు తల పట్టుకున్నాడు. "రెండుసార్లు పరీక్షించి అందరికంటే ముందుందన్నాను. నా మాట నమ్మి ఈ పిల్లను ఇక ఎవరూ పట్టించుకునేవారు కాదు."

ఇద్దరూ తడుస్తూనే కోటకు వెళ్లారు. "పిల్లకు ఎన్నేళ్లు?" అన్నాడు రాజు అంతా విన్నాక.

"నాలుగు నిండలేదు ప్రభూ."

"అయితే మించిపోలేదు" అన్నాడు రాజు. ఆయన కళ్లు చెమర్చాయి. వెంటనే వైద్యుణ్నీ, చేసైగలతో మాట్లాడటం నేర్పే గురువునూ పిలిపించాడు. ఆజ్ఞను కూడా మార్చాడు. "బిడ్డ ముందు కుదురుకోవాలి. కుదురుకునేదాకా కళ్లతో కనిపెట్టండి. చెవీ చూపూ మీద అనుమానం వస్తే మాత్రం వైద్యుడికి చూపించడానికి ఒక్క పూట కూడా ఆగొద్దు. మిగతా పరీక్ష కుదురుకున్నాకే. ఏ బిడ్డనూ తల్లికి దూరం చేయవద్దు."

వానలు వెలిశాయి. ధీరకేతుడు తలపాగా లేకుండా చాప మీద కూర్చుని పరీక్ష పెట్టాడు. ఎవరూ చాపల కింద దూరలేదు. సారంగుడు రంగుల పేర్లు రెండు యాసల్లో చెప్పాడు. వకుళను ఎదురుగా కూర్చోబెట్టి సైగలతో అడిగారు. తెలిసినవి చెప్పింది. తెలియని చోట తల అడ్డంగా ఊపి, నేర్పమన్నట్టు కుముద్వతి చెయ్యి పట్టుకుంది. కుముద్వతి ఆ చెయ్యి వదల్లేదు.

నీతి: బెదిరిన బిడ్డను కొలిస్తే భయమే తేలుతుంది, ముందు కుదురుకోనిచ్చి, కంటికి రెప్పలా కనిపెట్టి చూసి, ఆ తరవాతే కొలవాలి.